కూర్చుంటే వచ్చే జబ్బు

ఆ మంగళవారానికి కళ్ల డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి. ఏడింటికి ఆసుపత్రి చేరాలి. ఎనిమిదింటికి ఫ్యూజమ్మ కంటికి శుక్లం తీయాలి. తొమ్మిదిన్నరకు ఇంటికి ఫోను చేసి, అంతా సవ్యంగా జరిగిందని భార్యకు చెప్పి, నింపాదిగా రెండో కాఫీ తాగాలి.

ఫ్యూజమ్మ అసలు పేరు ఊళ్లో సగం మందికి తెలియదు. పెద్దరోడ్డు మీద కార్లకు వైరింగు చేసే షాపు ఆమెది. నలభై ఏళ్లుగా ఆమె చెయ్యి పడని బండి ఆ చుట్టుపక్కల లేదు. వయసులో ఉండగా బ్యాటరీ యాసిడ్ చింది ఎడమ కన్ను పోయింది. ఇప్పుడు ఉన్న ఒక్క కుడి కంటికీ పొర కమ్మింది. ఆపరేషనుకు రెండుసార్లు రోజు ఇస్తే రెండుసార్లూ ఎగ్గొట్టింది. "ఎవరి బండో సగంలో విప్పి ఉంది డాక్టరుగారూ, దాన్నలా వదిలేసి ఎలా వస్తాను? అయినా నాకు చేతులే కళ్లు," అనేది. చివరికి డాక్టరే షాపుకు వెళ్లి, స్టూలు మీద గంటసేపు కూర్చుని, మాట తీసుకుని వచ్చాడు.

మాట తీసుకున్నప్పటినుంచీ ఆయనకు నిద్ర కరువైంది. ఇరవయ్యారేళ్లలో వేల శుక్లాలు తీసిన మనిషే. కానీ ఉన్నది ఒక్కటే కన్ను. తన చెయ్యి వెంట్రుకవాసి తప్పితే, సర్దుకోవడానికి రెండోది లేదు.

ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. శనివారం నుంచి సోమవారం దాకా కారు వాడుకున్న ఆయన బావమరిది, దాని డిక్కీలో బియ్యపు డ్రమ్మంత స్పీకరు పెట్టె ఒకటి బిగింపించాడు. అతడు జిమ్ములో కసరత్తులు నేర్పుతాడు. పాటంటే అతడికి మాటలూ కాదు, రాగమూ కాదు. పొట్టలో తగిలే దెబ్బ. పెట్టెకు తోడు దాన్ని నడిపే యాంప్లిఫయరు కూడా పెట్టించి, ముందు తలుపుల్లోని పాత స్పీకర్లు పీకించేశాడు. కొత్తవి గురువారం వస్తాయి. అవి కూడా బిగించాక అక్కనూ బావనూ కూర్చోబెట్టి ఒక్కసారిగా అదరగొట్టాలని, తాళంచెవి మేకుకు తగిలించి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాడు. రేడియో కట్టేయడం మాత్రం మరిచిపోయాడు. దానివల్ల ఇప్పుడు కారు స్టార్టు చేస్తే పాట వినబడదు. పాట అడుగున ఉండే దెబ్బ ఒక్కటే వెనకనుంచి వస్తుంది.

ఆ ఉదయం ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. ఆరున్నర దాటినా తెల్లవారిన జాడ లేదు. డాక్టరు కారులో కూర్చుని, లైట్లు వేసి, వైపర్లు తిప్పి, వీధిలోకి వచ్చాడు. వాన చప్పుడులో ఇంకేదీ వినబడటం లేదు. రెండు మలుపులు తిరిగాక ఛాతీలో ఏదో తట్టినట్టనిపించింది. ధన్. మళ్లీ ధన్. తట్టినప్పుడల్లా ముందున్న రోడ్డు ఒక్క క్షణం మసకబారి, తిరిగి వెలుగుతోంది.

ఆయన కళ్లు నులుముకున్నాడు. రోడ్డు మసకబారింది. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. రోడ్డుతోపాటు ఎదుట స్పీడు చూపే ముల్లు కూడా మసకబారింది.

సిగ్నలు దగ్గర ఆగి, మణికట్టు మీద వేళ్లుంచి నాడి చూసుకున్నాడు. మొదట నాడి ఒక లెక్కలో, ఛాతీలో దడ ఇంకో లెక్కలో ఉన్నాయి. ఆయనకు భయం పెరిగింది. భయం పెరిగేకొద్దీ నాడి పరుగందుకుని, పచ్చలైటు పడేవేళకు దడతో సరిగ్గా కలిసిపోయింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చూపు పోయి వస్తోందని ఇక ఆయనకు అనుమానం లేదు. వెనక బండివాడు హారను మోగించాక గానీ కారు కదల్లేదు.

ఆసుపత్రి మూడంతస్తుల భవనం. కింద స్తంభాల మధ్య పార్కింగు. వానకు కరెంటు పోయి, మూలన జనరేటరు దడదడలాడుతోంది. డాక్టరు కారాపి దిగి నిలబడ్డాడు. దడ లేదు. మసక లేదు. స్తంభం మీద రాసిన అంకె స్పష్టంగా కనబడింది. హమ్మయ్య అనుకుని, నిజంగా పోయిందో లేదో చూద్దామని మళ్లీ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ధన్. లైట్ల వెలుగు గోడ మీద కుంగి లేచింది.

'నిలబడితే పోతోంది, కూర్చుంటే వస్తోంది' అనుకున్నాడాయన. శుక్లం ఆపరేషను కూర్చునే చేస్తారు.

పైకి వెళ్లి, గదిలో తలుపు వేసుకుని, గోడకున్న అక్షరాల పట్టీ ముందు నిలబడి చదువుకున్నాడు. చివరి వరస దాకా తప్పు పోకుండా వచ్చింది. కానీ దానివల్ల ఏం తేలింది? ఇరవయ్యారేళ్లుగా చూస్తున్న పట్టీ అది. కళ్లు మూసుకున్నా వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. లేచాడు. తలుపు తోసుకుని హెడ్ నర్సు వచ్చేటప్పటికి అది తొమ్మిదోసారి.

"ఏమైంది సార్?"

"ఏం లేదు సిస్టర్. కూర్చుంటున్నాను."

"ఫ్యూజమ్మగారు ఆరింటికే వచ్చేశారు. కంట్లో చుక్కలు వేశాను. చీర మార్చమంటే మీతో మాట్లాడితేగానీ మార్చనంటున్నారు. మళ్లీ పారిపోతారేమోనని వాచ్‌మన్‌ని తలుపు దగ్గర పెట్టాను."

డాక్టరు గొంతు తగ్గించాడు. "ఒక్కసారి నా నాడి చూడండి. ఎవరికీ చెప్పకండి."

హెడ్ నర్సు చూసింది. నూట పద్దెనిమిది. ఆమె మొహంలో రంగు మారలేదు. ఆ మారకపోవడమే ఆయన్ని మరింత భయపెట్టింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, బయటికి వెళ్లి, ఇద్దరికే చెప్పింది. ఒకరు పక్క విభాగంలోని గుండె డాక్టరు. రెండోవారు డాక్టరుగారి భార్య. ఆవిడకు ఫోనులో "సార్‌కి గుండె..." అన్నంతవరకే వినబడింది. తర్వాత లైను తెగింది.

గుండె డాక్టరు కళ్ల డాక్టరుకు కాలేజీ నాటి స్నేహితుడు. వచ్చీ రాగానే పడుకోబెట్టి, తీగలు అంటించి, కాగితం మీద గీతలు తీశాడు. గీతలు పాఠ్యపుస్తకంలో అచ్చువేసినట్టున్నాయి.

"నీ గుండె నా గుండెకన్నా బాగుందయ్యా."

"పడుకుంటే బాగానే ఉంటుంది. కూర్చుంటేనే."

"ఇందాక కూర్చునే ఉన్నావుగా?"

"కుర్చీలో రాలేదు. కారులో వచ్చింది. కుర్చీలో ఎప్పుడొస్తుందో నాకేం తెలుసు? ఆమె కంట్లో కత్తి పెట్టాక వస్తే?"

గుండె డాక్టరు నవ్వబోయి, స్నేహితుడి మొహం చూసి మానేశాడు. "పద. నీ కారులోనే కూర్చుందాం. వచ్చినప్పుడు చూస్తాను."

ఇద్దరూ కిందికి దిగి కారులో కూర్చున్నారు. కళ్ల డాక్టరు ఇంజను స్టార్టు చేశాడు. వాన, జనరేటరు పోటీపడి మోగుతున్నాయి. లైట్లు గోడ మీద పడ్డాయి. గుండె డాక్టరు స్నేహితుడి మణికట్టు పట్టుకుని గడియారం చూడసాగాడు. అర నిమిషం గడిచింది. ఆయన చెయ్యి తనంతట తానే స్నేహితుడి మణికట్టు వదిలి, సొంత ఛాతీ మీదికి పోయింది.

"ఒరేయ్," అన్నాడు, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ పిలుపుతో. "నాక్కూడా వస్తోందిరా."

"మసక?"

"మసకా వస్తోంది, దడా వస్తోంది. ఇద్దరికీ ఒకేసారి రావడమేమిటి? గాలి! పొగగొట్టం చిల్లుపడి లోపలికి విషవాయువు వస్తోంది. దిగు! ముందు దిగు!"

ఇద్దరూ చెరో తలుపులోంచి దూకి మెట్లెక్కారు. కారు తలుపులు రెండూ తెరిచే ఉన్నాయి. ఇంజను ఆపాలన్న ఆలోచన ఇద్దరికీ మొదటి అంతస్తులో వచ్చింది. వెనక్కి వెళ్లే ధైర్యం ఇద్దరికీ రాలేదు. గుండె డాక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "కింద గ్యాసు! మెట్లలోంచి పైకి ఎక్కుతుంది! అందర్నీ బయటికి పంపండి!" అని కేకేశాడు. ఆ కేక రెండో అంతస్తుకు 'గ్యాసు సిలిండరు పేలబోతోంది' అని చేరింది. మూడో అంతస్తుకు చేరేలోగా 'పేలింది' అయింది.

పది నిమిషాల్లో ఆసుపత్రి మొత్తం పోర్టికో కిందికి వచ్చేసింది. కళ్లకు కట్లున్నవాళ్లు కట్లు లేనివాళ్ల భుజాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాచ్‌మన్ పార్కింగుకు అడ్డంగా తాడు కట్టాడు. తాడుకు అవతల, మనిషి లేని కారు తలుపులు బార్లా తెరుచుకుని, వైపర్లు ఆడిస్తూ, లైట్లు కుంగుతూ లేస్తూ, ఆయాసపడుతున్న జంతువులా ఉంది.

సరిగ్గా అప్పుడే ఆటో దిగి డాక్టరు భార్య పరిగెత్తుకొచ్చింది. వెనకాలే బావమరిది.

"ఏవండీ! మీరు నిలబడ్డారేమిటి? పడుకోండి!"

"నిలబడితేనే బాగుంటుందే," అన్నాడాయన దీనంగా.

బావమరిది తాడు అవతల కారును చూశాడు. ధన్, మసక, ధన్, మసక. అతడికి విషయం అర్థమైంది. చుట్టూ చూశాడు. కళ్లకు కట్లు కట్టుకున్న నలభై మంది, ఆక్సిజన్ గొట్టంతో గుండె డాక్టరు, కన్నీళ్లతో అక్క. నెమ్మదిగా తాడు కిందనుంచి దూరబోతే వాచ్‌మన్ చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

"అక్కా, అది గ్యాసు కాదే..."

"నువ్వు నోరు ముయ్యి! మీ బావ ప్రాణాల మీదికొస్తే నీకు కారు కావాల్సొచ్చిందా?"

అతడు నోరు మూసుకున్నాడు. అక్క చెప్పిన మాట ఒక్కసారైనా వినడం అతడికి అప్పుడు చాలా సౌకర్యంగా తోచింది.

ఫ్యూజమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. చుక్కలు వేసిన కన్ను తెరిచినా ఆమెకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడటం లేదు. డాక్టరు ఆమె ముందు గొంతుక్కూర్చోబోయి, కూర్చుంటే ప్రమాదమని గుర్తొచ్చి, వంగి నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ ఆపరేషను చెయ్యలేను. నా కళ్లకే ఏదో వచ్చింది. మీకు వేరే డాక్టర్ని చూస్తాను."

"రెండుసార్లు నేను ఎగ్గొట్టాను. మూడోసారి మీరా?" అంది. "రాత్రి షాపు తాళం వేసినప్పుడు, కళ్లు బాగుపడితేనే మళ్లీ తీస్తాననుకున్నాను డాక్టరుగారూ. ఈ నాలుగు నెలలనుంచీ ఎర్ర తీగేదో నల్ల తీగేదో వాసన చూసి పోల్చుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు."

వానలో జనం చప్పుడు కాస్త సద్దుమణిగింది. ఫ్యూజమ్మ తల పక్కకు వాల్చింది.

"ఆ జనరేటరు కింద ఇంకో చప్పుడేమిటి?"

"ఏ చప్పుడమ్మా?"

"దెబ్బ పడుతోంది. పడినప్పుడల్లా ఆ వైపర్లు నీరసపడుతున్నాయి, వినండి. ర్ర్ర్... ర్... ర్ర్ర్. అది కరెంటు చాలని కారు. ఎవరిది?"

"నాదే. కానీ అందులో విషవాయువుంది."

"ఆ కారు పక్కన ప్రాణమున్నదేదైనా ఉందా?"

వాచ్‌మన్ తొంగిచూశాడు. "పిల్లుందమ్మా. పక్క స్కూటరు సీటు మీద."

"చచ్చిందా?"

"ఒళ్లు విరుచుకుంటోంది."

"అయితే పదండి," అని ఫ్యూజమ్మ కుర్చీలోంచి లేచింది. హెడ్ నర్సు వారించింది. గుండె డాక్టరు ఆక్సిజన్ గొట్టంలోంచి వారించాడు. ఆమె ఒక చేత్తో తాడు ఎత్తి, రెండో చేత్తో గాలిని తడుముకుంటూ నడిచింది. కళ్ల డాక్టరు ఒక్క క్షణం తటపటాయించి, వెళ్లి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. చావో రేవో ఆమె ఒక్కర్తినీ పంపే మనిషి కాదాయన.

బానెట్టు తెరిపించింది. "మీటరు కావాలి," అంది. జనరేటరు చూసుకునే మనిషి తన పెట్టెలోంచి వోల్టు మీటరు తెచ్చిచ్చాడు. చదివే పని హెడ్ నర్సు మీద పడింది.

"బ్యాటరీ రెండు కొమ్ముల మీదా పెట్టాను. ఎంత?"

"పద్నాలుగు," అంది నర్సు, జ్వరం చెప్పినట్టు. "నిలకడగా ఉంది."

"దెబ్బ పడ్డప్పుడు?"

"పద్నాలుగుకు కాస్త తక్కువ. అంతే."

"బ్యాటరీ మంచిదే, ఛార్జింగూ మంచిదే. ఇప్పుడు లైటు దగ్గర."

"పదమూడు... పదకొండు... పదమూడు... పదకొండు."

"బ్యాటరీలో ఉన్న కరెంటు లైటు దాకా పోకుండా దారిలో తప్పిపోతోంది. వెనక ఏదో పెద్ద సరుకుంది, గబుక్కున లాగుతోంది. వెళ్లింది మళ్లీ కారు బాడీలోంచి బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ తిరుగుదారి ఇరుకైంది." ఆమె ఒక సూదిని బ్యాటరీ మైనస్ మీద, రెండోదాన్ని కారు ఇనుము మీద ఆనించింది. "ఇక్కడ సున్నా ఉండాలి."

"రెండు," అంది నర్సు. "దెబ్బకొకసారి రెండు."

ఫ్యూజమ్మ వేళ్లు బ్యాటరీ నుంచి బయలుదేరిన నల్ల తీగ వెంబడి పాకి, అది బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాయి. చురుక్కున కాలింది. చెయ్యి తీసి, మళ్లీ పెట్టి తడిమింది. గోరుతో గీకింది. ఆమె మొహం ఎర్రబడింది.

"పెయింటు! పెయింటు గీకకుండా, దాని మీదే బోల్టు బిగించేశారు. కరెంటు ఎక్కణ్ణుంచి పోతుంది? ఇన్ని లైట్లూ, ఆ వెనక సరుకూ, అన్నీ ఈ సందులోంచే దూరాలి! ఎవరు చేశారిది? కళ్లున్నవాళ్లు చేసే పనేనా?"

వెనకనుంచి బావమరిది చిన్నగా దగ్గాడు.

"మీరేనండి," అన్నాడు. "శనివారం. మీ షాపులోనే."

ఫ్యూజమ్మ ఆ గొంతు వచ్చినవైపు తల తిప్పింది. బావమరిది ఇక ఆపుకోలేక డిక్కీ, పెట్టె, యాంప్లిఫయరు, దానికోసం కొత్తగా వేయించిన ఆ నల్ల తీగ, గురువారం రాబోయే స్పీకర్లు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. "లైటు పట్టుకోనా అని అడిగానండి. అక్కర్లేదు, నా చేతులకు తెలుసు అన్నారు."

ఫ్యూజమ్మ ఆ బోల్టు మీదనుంచి చెయ్యి తీయలేదు. "చేతులకు వదులూ బిగువూ తెలుస్తాయి. రంగు గీకానో లేదో కన్నే చూడాలి," అంది తనలో తాను అనుకున్నట్టు.

తర్వాత బావమరిది చేత గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దించి, బోల్టు బిగింపించింది. గోడ మీద లైటు వెలుగు రెప్ప వెయ్యకుండా నిలిచింది. కళ్ల డాక్టరు ప్రాణం ఉగ్గబట్టుకుని సీట్లో కూర్చున్నాడు. ఎదుటి అద్దం, స్పీడు ముల్లు, గోడ మీది పగులు, అన్నీ స్థిరంగా ఉన్నాయి.

"దడ మాత్రం పోలేదమ్మా."

"అది మీది కాదు డాక్టరుగారూ, మీ బావమరిదిది," అంది ఫ్యూజమ్మ. బావమరిది వంగి రేడియో కట్టేశాడు. గుండె డాక్టరు ఆక్సిజన్ గొట్టం తీసి, ఎవరూ చూడటం లేదనుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చెయ్యగలరా?" అని అడిగింది ఫ్యూజమ్మ. "వాయిదా వెయ్యకండి. ఇంకో వారం ఆగితే నేనే ఎవర్నైనా చంపేస్తాను."

హెడ్ నర్సు ఆమె చేతులకున్న గ్రీజు వదలగొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. డాక్టరు నాడి దిగడానికి గంట పట్టింది. పదకొండున్నరకు ఆయన ఆపరేషను గదిలో గుండ్రటి స్టూలు మీద కూర్చున్నాడు. కూర్చుని, ఏమవుతుందో చూద్దామని ఒక్క క్షణం ఆగాడు. దీపం కింద ఆ ఒక్క కన్నూ నిశ్చలంగా ఆయన్ని చూస్తోంది. ఆయన చెయ్యి చాచాడు. నర్సు కత్తి అందించింది. పొర విడిపోయి బయటికి వచ్చేదాకా ఆయన స్టూలు మీదనుంచి లేవలేదు.

మర్నాడు ఉదయం కట్టు విప్పారు. ఫ్యూజమ్మ కన్ను తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఎదుట నిలబడ్డ డాక్టరు మొహాన్ని చాలాసేపు చూసింది. "మీరు ఇంత చిన్నవాళ్లని అనుకోలేదు," అంది. కంట్లోంచి నీరు కారింది. నర్సు దూదితో అద్ది, ఏడవకూడదని గట్టిగా చెప్పింది. ఆమె ఏడుపు మానేసి, కాగితం, కలం అడిగింది. ఈ నాలుగు నెలల్లో తను తీగలు కలిపిన బళ్లన్నీ వెనక్కి పిలిపించాలని, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పింది. ఇరవయ్యారు బళ్లయ్యాయి. నర్సు కాగితం మడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపి, "ఇరవయ్యేడోది మీ అంబులెన్సు. రాసుకోండి," అంది.

రెండు వారాలకు షాపు తెరిచిన రోజున అందరికంటే ముందు వచ్చింది ఆ అంబులెన్సే, తనంతట తాను కదల్లేక, ఒక పాలవ్యాను తాడు కట్టి లాక్కొస్తే.